చెరుకు రసంలో ఉడికిన అన్నం

మా బాపు కడుపు పట్టుకుని నవ్వగలడన్న సంగతి నాకు ఉద్యోగం వచ్చిన తర్వాతగానీ తెలియలేదు. తెలిసిన రోజు నాకు సంతోషం కలగలేదు. ఆ నవ్వు నా మాటకు వచ్చింది కాదు, నాకు సగమే అర్థమయ్యే భాషలో వచ్చింది, పైగా నేను వెంటబెట్టుకుని తీసుకొచ్చిన మనిషి దాన్ని రప్పించాడు. పోయిన నెల ఆ మనిషి, ద్వారక, కొడుకుతో కలిసి బాసర పోతూ మా ఇంట్లో దిగి మూడు రోజులు ఉండి వెళ్లాడు. నడుం వంగింది, పళ్లు కట్టించుకున్నాడు, టీలో చక్కెర మానేశాడు. బోధన్ లాంటి చక్కెర ఫ్యాక్టరీల్లో రసాన్ని మరిగించి గింజ కట్టించే దగ్గర సగం బతుకు గడిపినవాడు చక్కెర లేని టీ తాగుతుంటే చూడటం వింతగా అనిపించింది. ఆయన వెళ్లినప్పటి నుంచి ఆ రోజులే తిరుగుతున్నాయి మనసులో. చిన్నప్పటి నుంచీ దినచర్య రాసే అలవాటు నాది. ఎండ ఎంత కాసింది, డ్యూటీ ఎన్నింటికి దిగాను, ఇంట్లో ఏం వండారు, అన్నీ ఉంటాయి అందులో. ఈ సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు. అసూయను ఏ వారం కింద రాయాలో తెలియలేదు మరి.

మాది మాక్లూరు దగ్గరి ఊరు. వరి, పసుపు, ఇంటి అవసరానికి కొద్దిగా చెరుకు. బాపు కోడి కూతకు లేచేవాడు. వేపపుల్ల నోట్లో పెట్టుకుని కొట్టంలోకి వెళ్లి ఎడ్లతో ఏదో మాట్లాడేవాడు. మాతో మాత్రం మాట తక్కువ. అన్నం తింటున్నప్పుడు అసలే మాట ఉండేది కాదు. అవ్వ, అంటే మా అమ్మ, ఎదురుగా కూర్చుని ఆయన చెయ్యి ఏ కూర వైపు పోతుందో చూసి దాన్నిబట్టి ఉప్పూకారం సంగతి తెలుసుకునేది. చెయ్యి రెండోసారి పోతే బాగున్నట్టు, పోకపోతే ఆ కూర మళ్లీ పది రోజుల దాకా ఉండదు. నేను పరీక్ష పాసైనానని చెప్పినప్పుడు కూడా ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని "మంచిది" అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను ఎన్నో రోజులు పొంగిపోయాను. అంత అరుదైన సరుకు అది మా ఇంట్లో.

చలికాలంలో చెరుకు గానుగ ఆడించే రోజులు వచ్చాయంటే మాత్రం ఇంటి వాసనే మారిపోయేది. పొలం గట్టున తవ్విన పొయ్యి మీద పెద్ద ఇనుప పెనం, కింద ఎండిన చెరుకు పిప్పి మంట, పైన కాగుతున్న రసం. రసం వేడెక్కగానే నల్లటి తెట్టు పైకి తేలేది. బాపు జల్లి గరిటెతో ఆ తెట్టు తీసి, మట్టి ముంతలోని సున్నపు తేట కొద్దికొద్దిగా పోసేవాడు. సున్నం పడితేనే రసంలోని మురికి విరిగి పైకి వస్తుంది, బెల్లం గట్టిపడుతుంది. ఎంత పోయాలో కొలత లేదు. రసం రంగు చూసి పోసేవాడు. ఆ పెనం దగ్గర ఆయనను పలకరించడానికి ఊళ్లో పెద్దమనుషులు కూడా జంకేవాళ్లు. ఆ పొగా, ఆ తీపి వాసనా ఆయన అంగీకి ఉగాది దాకా వదిలేవి కావు.

బోధన్‌లో నాకు చక్కెర ఫ్యాక్టరీ ప్రయోగశాలలో పని. వచ్చిన రసంలో తీపి ఎంతుందో గాజు గొట్టాల్లో పోసి చూసి రాయాలి. క్వార్టర్లలో నాతోపాటు అదే గదిలో ద్వారక ఉండేవాడు. గోరఖ్‌పూర్ వైపు వాడు, నా ఈడు వాడే. నల్లగా, పొట్టిగా, ఎప్పుడూ ఏదో ఒకటి కూనిరాగం తీస్తూ ఉండేవాడు. ఆ ఏడు ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగ్ మొదలైన వారానికి ఒక సాయంత్రం వాడు ఎక్కడి నుంచో చిన్న బిందెడు పచ్చి రసం తెచ్చాడు. వడకట్టి, కాచి, తెట్టు తీసి, అందులో నానబెట్టిన బియ్యం పోసి సన్నటి సెగ మీద కలుపుతూ కూర్చున్నాడు. నీళ్లు చుక్క లేదు, బెల్లం పలుకు లేదు. దించే ముందు రెండు యాలకులు నలిపి వేశాడు. చల్లారాక పైన చల్లటి పాలు పోసి నా ముందు పెట్టాడు. "రసావల్. మా ఊళ్లో కొత్త రసం వస్తే మొదట ఇదే," అన్నాడు. బెల్లంతో వండిన పాశం తిని పెరిగినవాణ్ని నేను. ఇది పాశం కాదు. పచ్చి చెరుకు నమిలినప్పటి ఆకుపచ్చ రుచి అన్నం మెతుకు లోపల కూర్చుని ఉంది. తింటూ తింటూ నాకు మొదట వచ్చిన ఆలోచన ఒకటే. చెరుకు పండించే మా ఇంట్లో దీన్ని ఎవరూ ఎరగరు. దీన్ని బాపు ముందు పెట్టాలి. ఆయన చెయ్యి రెండోసారి దాని వైపు పోవడం నేను చూడాలి.

ఆ ఆదివారం టిఫిన్ నిండా తీసుకుని బస్సెక్కాను. పాలు తినేటప్పుడే కలపాలని ద్వారక చెప్పాడు. వేరే గిన్నె మోసుకుపోవడం ఎందుకని నేను ముందే కలిపేశాను. నిజామాబాదులో బస్సు మారడానికి చాలాసేపు పట్టింది. ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అవ్వ మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గిదేందిరా గంగారాం, కల్లు వాసనొస్తున్నది? బోధన్ల నీళ్లు లేవా, కల్లుల అన్నం వండుకుంటుండ్రా?"

"కల్లు కాదే అవ్వా. చెరుకు రసంల వండిన అన్నం. పాలు పులిసినయ్."

"రసంల అన్నమా? మనం తాగంగ మిగిలిన రసం ఎడ్లకు పోస్తం. గిప్పుడు అన్నం గూడ వండాల్నా?" అంటూనే వేలు ముంచి నాలుకకు రాసుకుంది. "పులుపు తీసేస్తే లోపట రుచేదో ఉన్నది బిడ్డా," అంది.

బాపు గిన్నెలోకి వంగి చూశాడు. తినలేదు. "చేసేటోన్నే తోల్కరా," అన్నాడు. "రసం మనది, బియ్యం మనయి. ఈడనే వండుమను."

అట్లా నా నోటితో నేనే పిలిచి ద్వారకను మా ఊరికి తీసుకుపోయాను. సంక్రాంతి ఇంకా దూరం. గానుగ తిరుగుతోంది. మంచు వీడకముందే పొలం చేరాం. ద్వారక బాపు కాళ్లకు దండం పెట్టి "చాచా" అని వరస కలిపాడు. బాపు "జీతే రహో బేటా" అని దీవించాడు. ఆయనకు ఉర్దూ వచ్చని నాకు తెలుసు. నిజాం కాలంలో నిజామాబాదు బడిలో చదివినవాడు, పెళ్లికి ముందు కొంతకాలం పట్నంలో ధాన్యం అమ్మే గంజ్ దుకాణంలో లెక్కలు రాసినవాడు. కానీ నేను విన్న ఆయన ఉర్దూ తాసీలు కచేరీలో, పోలీసు పటేలు దగ్గర, చేతులు కట్టుకుని మాట్లాడిన ముక్కలే. నేను బడికి పోయే నాటికి చదువు తెలుగులోకి మారింది. నాకు వచ్చింది బజారు ఉర్దూ. బేరం చేయడానికి పనికొస్తుంది, పరిహాసానికి అందదు.

బెల్లం పొయ్యి పక్కన రాళ్లు పెట్టి అవ్వ ఇచ్చిన ఇత్తడి గంజు ఎక్కించాడు ద్వారక. రసం కాగుతోంది. తెట్టు తీస్తున్నాడు. బాపు ఎదురుగా గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. బెల్లం వండటంలో అంత చెయ్యి తిరిగినవాడు ఎదురుగా ఉన్నా ద్వారక కూనిరాగం ఆపలేదు. బియ్యం పడ్డాయి. ఒక పొంగు వచ్చింది, పైన మళ్లీ కొంచెం మురికి తేలింది. అంతే, బాపు చెయ్యి వెనక్కి పోయి ముంత అందుకుంది. సున్నపు తేట గంజులో పడింది. నేను నోరు తెరిచేలోపు అన్నం పసుపు రంగు తిరిగింది.

"అరే చాచా, యే క్యా కియా? గుడ్ నహీ బనా రహే, ఖానా బనా రహే హైఁ," అన్నాడు ద్వారక, గరిటె పైకెత్తి. బెల్లం కాదు చాచా, అన్నం వండుతున్నాం అని.

పెనం దగ్గర బాపు తప్పు ఎత్తి చూపిన మనిషిని నేను అంతవరకు చూడలేదు. బాపు గంజులోకి చూశాడు. తన చేతిని తిప్పి చూసుకున్నాడు. "హాథ్ కో కౌన్ సమ్‌ఝాయే బేటా?" అన్నాడు. ఈ చేతికి ఎవరు చెప్పాలి బిడ్డా అని. ఆ మీదట నవ్వాడు. ముందు ముక్కుతో, తర్వాత గొంతుతో, ఆఖరికి కడుపు పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా. ద్వారక కూడా నవ్వాడు. గానుగ తోలుతున్న మనిషి ఎడ్లను ఆపి చూశాడు. అవ్వ పొలం గట్టు మీద నుంచి "ఏమైందిరా, మీ బాపుకేమైంది?" అని పరుగున వచ్చింది. సున్నం అన్నాన్ని బర్రెకు పెడితే అది కూడా మూతి తిప్పుకుంది. మళ్లీ ఇద్దరూ నవ్వారు. నేను కూడా నవ్వాను కానీ పక్కవాళ్లు నవ్వుతుంటే నవ్వే నవ్వు అది.

రెండో గంజు చక్కగా కుదిరింది. మోదుగాకు విస్తరిలో బాపు చెయ్యి రెండోసారి కాదు, మూడోసారి కూడా పోయింది. నేను కోరుకున్నది సరిగ్గా అదే. కానీ ఆ చెయ్యి పోతున్నప్పుడు బాపు చూసింది ద్వారక వైపు. "ఏమన్న వండినవ్ బిడ్డా," అని అవ్వ వాడి తల నిమిరింది. "పేరేందిరా దీనిది? రసవల్లా? నా నోరు తిరుగుతలేదు. నేను రసంబువ్వ అంట." మా ఇంట్లో ఆ పేరే స్థిరపడింది. దాన్ని ముందు చూసింది నేను, బస్సులో మోసింది నేను, పులిసిన మాట పడింది నేను. పేరులో కూడా నాకు చోటు లేదు.

ఆ సాయంత్రం పెనం పొయ్యి ఆరిపోతున్న వేడి దగ్గర వాళ్లిద్దరూ కూర్చున్నారు. నేను గానుగ దగ్గర ఎడ్లకు మేత వేస్తూ విన్నాను. బాపు మాట్లాడుతున్నాడు. ఆగకుండా, చేతులు తిప్పుతూ, ఒకసారి గొంతు మార్చి ఎవరినో అనుకరిస్తూ. తెలుగులో నాకు తెలిసిన బాపు ఒక మాటకూ మరో మాటకూ మధ్య ఒక మడి దున్నేంత సమయం తీసుకునేవాడు. ఉర్దూలో ఉన్న ఈ మనిషి వయసులో ఉన్నాడు, కొంటెవాడు, తనను తానే వెక్కిరించుకోగలడు. ఇట్లాంటి మనిషి మా ఇంట్లోనే ఇన్నేళ్లుగా ఉండి, నాకు ఎదురుపడకుండా ఎట్లా తప్పించుకున్నాడో నాకు అర్థం కాలేదు. నేను దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. బాపు మాట ఆపి, "ఎడ్లకు నీళ్లు పెట్టినవా?" అన్నాడు తెలుగులో.

మర్నాడు బస్సులో ద్వారక కిటికీ పక్కన కూర్చుని తనలో తను నవ్వుకుంటున్నాడు. ఏమిటని అడిగాను. "నీకు తెలియదా? మీ అమ్మను పెళ్లిచూపుల్లో చూడటానికి పోయినప్పుడు చాచా షేర్వానీ తొడిగి పోయాడట," అన్నాడు. దుకాణం సేటు కొడుకు షేర్వానీ అది, అడిగి తీసుకున్నది. అది చూసి టాంగావాలా ఎవరో సర్కారు ఉద్యోగి అనుకుని సలాం కొట్టి, కిరాయి రెండింతలు అడిగాడట. అంత సలాం కొట్టినవాడితో బేరం ఎట్లా చేయడమని బాపు జేబు ఖాళీ చేసి ఇచ్చాడట. తిరుగుదారికి పైసా లేక, ఎండలో, ఆ నల్లటి షేర్వానీలో ఊరిదాకా నడిచి వచ్చాడట. దారిలో ఒక ముసలమ్మ పెళ్లి బాజా మనిషి అనుకుని "మీ మేళం ఎంతకొస్తది నాయనా?" అని అడిగిందట. ద్వారక చెప్పి చెప్పి నవ్వాడు. నేను కిటికీ బయట జానకంపేట చెట్లు పోతుంటే చూశాను. మా అవ్వను బాపు మొదటిసారి చూసిన రోజు అది. దాన్ని నేను గోరఖ్‌పూర్ మనిషి నోటి నుంచి, బస్సులో వింటున్నాను.

ఆ తర్వాత చాలా ఏళ్లు అట్లాగే నడిచింది. నేను ఒక్కణ్నే ఇంటికి పోతే అవ్వ నా వెనక దారి వైపు చూసి "ద్వారక రాలేదారా?" అనేది. తర్వాత నా చేతిలోని సంచీ అందుకునేది. వాడు వస్తే కోడి కోద్దామనేది, వాడు మాంసం తినడని మళ్లీ గుర్తుకు తెచ్చుకుని బియ్యప్పిండితో సర్వపిండి చేసేది. మక్కకంకులు కాల్చి దాచేది. వాడి పెళ్లికి బాపు పట్నం పోయి అంగీ కొన్నాడు. నా పెళ్లికి ఉన్న అంగీయే ఉతికి తొడిగాడు. "నీ పెండ్లి మనింట్లనే గదరా. వాని పెండ్లికైతె పరాయోళ్లింటికి పోవాలె," అన్నాడు, నేనేమీ అడగకుండానే. న్యాయమైన మాటే. అయినా ఆ అంగీ దండెం మీద ఆరుతుంటే నేను దాన్ని పట్టి పట్టి చూసేవాణ్ని.

అప్పుడు నేను ఒక పని పెట్టుకున్నాను. బోధన్‌లో మా వీధి చివర ఒక పాత మాస్టారు ఉండేవారు. ఆయన దగ్గర డ్యూటీ లేని సాయంత్రాలు ఉర్దూ నేర్చుకున్నాను. అక్షరాల నుంచి మొదలుపెట్టి, వరసగా, పాఠం తర్వాత పాఠం. నాకు ఏదైనా అట్లాగే వస్తుంది. రెండు శీతాకాలాలు పట్టింది. మూడో ఏడు గానుగ రోజుల్లో ద్వారకకు సెలవు దొరకలేదు. నేను ఒక్కణ్నే వెళ్లి పొలం దగ్గర రసంబువ్వ వండాను. తెట్టు తీశాను, సెగ తగ్గించాను, సున్నపు ముంతను దూరంగా పెట్టాను. బాపుకు విస్తరి వేసి, వడ్డించి, దారి పొడవునా పేర్చుకుంటూ వచ్చిన మాటలు అన్నాను. వంట ఎట్లా ఉంది, మీ పట్నం రోజుల ముచ్చట ఏదైనా చెప్పండి అని, ఉర్దూలో, తప్పు లేకుండా.

బాపు చెయ్యి ఆగింది. నా ముఖం వైపు చూశాడు.

"మంచిగ నేర్చుకున్నవ్‌రా," అన్నాడు తెలుగులో. "దరఖాస్తు సదివినట్టున్నది."

అవ్వ నవ్వింది. నేను నవ్వలేదు. "ద్వారకకైతే అన్ని చెప్తవు గద బాపు. నాకేం చెప్పవు," అన్నాను. ఆ మాట ఎప్పుడు నోట్లోకి వచ్చిందో, ఎప్పుడు బయటపడిందో నాకు తెలియలేదు. పెళ్లయి బిడ్డ పుట్టినవాణ్ని, నాలుగేళ్లవాడిలా అడిగాను.

బాపు మెతుకులు కూడదీసుకున్నాడు. "వాడు దోస్తురా," అన్నాడు. "దోస్తుతోని మన నగుబాటు మనం చెప్పుకుంటం, నవ్వుతం, లేచి పోతం. కొడుకుతోని ఎవలన్న చెప్పుకుంటరా? రేపు నా మాట నువ్వు వినాల్నా, వద్దా?" అని మళ్లీ తినడం మొదలుపెట్టాడు. చెయ్యి రెండోసారి వెళ్లింది. అది నేను చేసిన వంటే. కానీ అప్పటికి నాకు కావలసింది అది కాదు.

డెబ్బైల దశకంలో ద్వారకకు వాళ్ల వైపే ఒక మిల్లులో పని దొరికి వెళ్లిపోయాడు. బస్టాండుకు బాపు కూడా వచ్చాడు, బెల్లం ముద్దలు మూటగట్టుకుని. ఆ తర్వాత ఏటేటా అవ్వ రసంబువ్వ వండేది. బాపు తినేవాడు, బాగుందనేవాడు, లేచి కొట్టంలోకి పోయేవాడు. బాపులోని పరిహాసాల మనిషి ద్వారకతోనే బస్సెక్కి వెళ్లిపోయాడు. నేను ఎంత వెతికినా ఇంట్లో మళ్లీ కనబడలేదు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, ద్వారక లేకపోతే బాపు నాతో మాట్లాడతాడని నేను లోపల అనుకునేవాణ్ని. మాట్లాడలేదు. వాడు ఉండగా వాకిట్లో వినబడిన ఆ కాస్త కూడా పోయింది.

ఇప్పుడు ఎడ్ల గానుగలు లేవు. మా ఊళ్లో చెరుకు వేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. నిజామాబాదులో ఏ మూల చూసినా రసం మిషన్లు, మంచు గడ్డలు, నిమ్మకాయ. నా మనవలు నాతో ఏమైనా మాట్లాడతారు. నా కొడుకు వాళ్లతో కింద కూర్చుని ఆడతాడు, తన చిన్నప్పటి వెధవ పనులన్నీ చెప్పి నవ్విస్తాడు. వాడి మాట వాళ్లు వినడం లేదా అంటే, వింటున్నారు. బాపు భయపడినంత ప్రమాదమేమీ జరగలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది, ఈ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేకపోయారు. నేను కూడా నా కొడుక్కి అట్లా ఏమీ చెప్పలేదు. వాడు ఎవరి దగ్గర నేర్చుకున్నాడో తెలియదు.

పోయిన నెల ద్వారక వచ్చిన రెండో రోజు మధ్యాహ్నం నా భార్య జొన్నరొట్టెలు పెట్టింది. నలుగురం తింటున్నాం. మాటల్లో బాపు వచ్చాడు. "చాచా గంజ్ దుకాణం మునీము, ఆ పెద్ద గుమస్తా సంగతి చెప్పాడు ఒకసారి, అది తెలుసా?" అన్నాడు ద్వారక. తెలియదన్నాను. తన కొడుకు వైపు తిరిగి మొదలుపెట్టాడు. రెండు మాటలయ్యాయో లేదో నా చేతిలోని రొట్టె ముక్క కంచంలో పడింది. వాడు కథ చెప్పడం లేదు. బాపు చెప్పిన తీరుగా చెబుతున్నాడు. వాక్యం మధ్యలో ఆగి నాలుకతో చిన్నగా "చ్" అనడం, మా నిజామాబాదు యాసలో "నహీ" బదులు "నక్కో" అనడం, నవ్వు వచ్చే ముందు గొంతు సవరించుకోవడం, అంతా ఆయనదే. నాకు ఆయన ముక్కు వచ్చింది, బట్టతల వచ్చింది, పొలం వచ్చింది. గొంతు మాత్రం ముసలి ద్వారక గోరఖ్‌పూర్ పట్టుకుపోయి ఇన్నేళ్లూ పాడవకుండా దాచుకున్నాడు. తల వంచుకుని, ద్వారక ముఖం కనబడకుండా, విన్నాను.

నా భార్యకు ఉర్దూ రాదు. ఆమె ముఖం చూసి వాడు మర్యాదకు ఆగాడు. "వదినా, ఇప్పుడు తెలుగుల చెప్త," అని మాటలు కూడబలుక్కుంటూ మొదలుపెట్టబోయాడు.

"తెలుగుల వద్దు," అన్నాను. "ఆమెకు నేను తర్వాత చెప్తలే. నువ్వు బాపు చెప్పినట్టే చెప్పు. మొదటి నుంచి చెప్పు."

వాడు నన్ను ఒకసారి చూసి, మొదటి నుంచి చెప్పాడు. మునీము కథ అయ్యాక ఇంకొకటి అడిగాను. అసూయ పోయిందని రాస్తే అబద్ధం. మర్నాడు వాళ్లు బాసర బస్సెక్కే దాకా అడుగుతూనే ఉన్నాను.